కీచైన్ మల్టీటూల్: అరుదైన రకాన్ని ఎలా గుర్తుపట్టాలి, ఎలా కూడబెట్టాలి

“నా దగ్గర నీలం రంగు స్క్విర్ట్ ఉంది, ఇది అరుదైనదేనా?” ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. కీచైన్ మల్టీటూల్ అంటే ప్లయర్, కత్తెర, బ్లేడు లాంటి ఉపకరణాలు మడిచి పెట్టిన, తాళాల రింగుకు తగిలించుకునే చిన్న పనిముట్టు. లెదర్‌మ్యాన్ కంపెనీ చేసిన స్క్విర్ట్ అలాంటిదే. ప్లయర్ ఉన్న స్క్విర్ట్ పీ4కు నీలం ఫ్యాక్టరీ నుంచి మామూలుగా వచ్చిన రంగే. గ్లేసియర్ బ్లూ, ఇన్ఫర్నో రెడ్, స్టార్మ్ గ్రే అని మూడు రంగులకూ పేర్లు కూడా ఉండేవి. అదే ఎర్ర హ్యాండిల్ మధ్యలో ప్లయర్‌కు బదులు వైరు తొక్క తీసే దవడలు కనిపిస్తే మాత్రం ఆగి చూడాలి.

అరుదైన రకం అంటే ఏమిటో ముందే ఒప్పందానికి వద్దాం. ఫ్యాక్టరీ గేటు దాటేటప్పటికే ఉన్న తేడాను రకం అంటాం. ఆ తర్వాత ఎవరో ఇంట్లో చేసిన మార్పు ఎంత అందంగా ఉన్నా అది మార్పే. కింద చెప్పే పనులన్నీ ఈ రెండింటినీ విడదీయడానికే.

కావలసినవి

- డిజిటల్ వెర్నియర్ కాలిపర్. 0.1 మిల్లీమీటరు వరకు నమ్మకంగా చూపిస్తే చాలు.
- 0.1 గ్రాము చూపే చిన్న త్రాసు.
- 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం, పక్క నుంచి వెలుగు వేయడానికి సన్నని టార్చి.
- చిన్న అయస్కాంతం. బలమైనది వద్దు, ఫ్రిజ్ తలుపు మీద అంటించేది సరిపోతుంది.
- కంటిన్యుటీ బీప్ (కరెంటు పారితే మోగేది) ఉన్న మల్టీమీటరు. అందరికీ అవసరం పడదు, ఎందుకో ఆరో మెట్టులో చెప్తాను.
- దూదిపుల్లలు, చెక్క పళ్లపుల్లలు, మెత్తని పాత టూత్‌బ్రష్, గిన్నెలు తోమే ద్రవం, మినరల్ ఆయిల్.
- జిప్ ఉన్న పాలిథీన్ కవర్లు, సిలికా జెల్ పొట్లాలు.
- ఒక నోటుబుక్కు లేదా స్ప్రెడ్‌షీట్.

వీటన్నిటికంటే ముందు కావలసింది మీరు సేకరించే కుటుంబానికే (ఒక కంపెనీ చేసే ఒక వరసకే) చెందిన మామూలు ముక్క ఒకటి, అంటే మార్కెట్లో ఎక్కువగా దొరికేది. పోల్చడానికి అది లేకపోతే మిగతా పరికరాలతో పెద్దగా పని ఉండదు.

1. ఒక్క కుటుంబాన్ని ఎంచుకోండి

కీచైన్ సైజు మల్టీటూల్స్ అన్నిటినీ కలిపి పోగు చేస్తే ఏడాదికల్లా ఒక డబ్బా నిండుతుంది కానీ, వాటిలో ఏది అరుదో మీకే తెలియదు. మొదట ఒక కుటుంబం పట్టుకోండి. సులువుగా మొదలుపెట్టదగ్గవి ఇవి:

లెదర్‌మ్యాన్ స్క్విర్ట్. ఇందులో అక్షరాలే గుట్టు విప్పుతాయి. పీ అంటే ప్లయర్, ఎస్ అంటే కత్తెర, ఈ అంటే ఎలక్ట్రీషియన్. పీ4, ఎస్4, ఈ4 పాతవి. తర్వాత వచ్చిన పీఎస్4లో మధ్యన ప్లయర్ ఉంటూ హ్యాండిల్‌లోకి చిన్న కత్తెర వచ్చింది. ఈఎస్4లో వైరు స్ట్రిప్పరుకు కత్తెర తోడైంది. మొత్తం ఐదు రకాలు, వాటికి రంగులు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంత పరిమితమైన జాబితా మరొకటి దొరకడం కష్టం.

స్విస్ కత్తుల కంపెనీ విక్టోరినాక్స్ చేసే 58 మిల్లీమీటర్ల వరస. క్లాసిక్, క్లాసిక్ ఎస్‌డీ, ర్యాంబ్లర్, మినీచాంప్, మేనేజర్, సిగ్నేచర్, స్విస్‌లైట్, బ్లేడు లేని జెట్‌సెట్టర్, కత్తెర లేని ఎస్కార్ట్... ఈ జాబితాకు అంతూ పొంతూ ఉండదు. రంగులు, బొమ్మలు కలిపితే వేలల్లోకి పోతుంది. కాబట్టి ఇందులోకి దిగితే ఒక ఉపకుటుంబానికి కట్టుబడండి: అల్యూమినియం పిడి ఉన్న ఆలాక్స్ మాత్రమే, లేదా లైటు ఉన్నవి మాత్రమే, లేదా పెన్ను ఉన్నవి మాత్రమే.

మరో స్విస్ కంపెనీ వెంగర్ చేసిన 65 మిల్లీమీటర్లవి. 2005లో వెంగర్‌ను విక్టోరినాక్స్ కొనేసింది. 2013తో ఆ పేరు మీద కత్తులు ఆగిపోయాయి. ముగిసిపోయిన వరస కాబట్టి సేకరణకు ఒక హద్దు ఉంటుంది.

గెర్బర్ కంపెనీలో డైమ్ అనే మోడల్‌కు ముందు తరాలైన క్లచ్, షార్ట్‌కట్, వైస్, స్ప్లైస్ ఉన్నాయి. స్విస్ ప్లస్ టెక్ వారి తాళంచెవి ఆకారపు యుటిలీ-కీ, రింగుకు పట్టుకునే మైక్రో-టెక్ ప్లయర్ మరో దారి. మధ్యన కత్తెర ఉండే లెదర్‌మ్యాన్ మైక్రాలో ఉపకరణాల తేడాలు తక్కువ, రంగులూ కంపెనీ లోగోలూ ఎక్కువ. నన్నడిగితే మైక్రాను రెండో కుటుంబంగా పెట్టుకోవడం మేలు.

2. మామూలు ముక్కను చదవండి

మీ మామూలు ముక్కను తీసి అన్ని ఉపకరణాలూ తెరవండి. ఇవి రాసుకోండి: మూసినప్పటి పొడవు, మందం, బరువు, బ్లేడు నడిమధ్య వెడల్పు, ప్రతి ఉపకరణం ఏ పక్కన ఏ వరసలో ఉంది, ముద్రలు ఎక్కడెక్కడ ఉన్నాయి, రివెట్ల (భాగాలను బిగించే లోహపు మేకుల) తలలు ఎలా ఉన్నాయి.

బరువును మూడుసార్లు తూచి మధ్య అంకె తీసుకోండి. కీ రింగు తీసేసి తూచండి. ఇక్కడే చాలామంది పొరపడతారు. రెండు గ్రాముల రింగు వల్ల లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది.

సరిచూసుకోవడానికి కొన్ని అంకెలు: మామూలు ప్లాస్టిక్ పిడి క్లాసిక్ ఎస్‌డీ పొడవు 58 మిల్లీమీటర్లు, మందం సుమారు 9 మిల్లీమీటర్లు, బరువు 21 గ్రాముల చుట్టుపక్కల. అదే ఆలాక్స్ పిడితో అయితే మందం సుమారు 6 మిల్లీమీటర్లు, బరువు సుమారు 17 గ్రాములు. మైక్రా 50 గ్రాముల దగ్గర, స్క్విర్ట్ పీఎస్4 57 గ్రాముల దగ్గర తూగుతాయి. మీ త్రాసు వీటికి బాగా దూరంగా చూపిస్తుంటే ముందు త్రాసును అనుమానించండి.

3. తేడా ఏ రకందో తేల్చండి

అన్ని తేడాలకూ ఒకే విలువ ఉండదు. గుర్తు పడకుండా మార్చగలిగే తేడాకు సాక్ష్యంగా విలువ తక్కువ. ఈ ఒక్క సూత్రం పెట్టుకుంటే వరస దానంతటదే వస్తుంది.

అన్నిటికంటే గట్టిది ఉపకరణాల తేడా. ఈ4కూ పీ4కూ మధ్య దవడలే వేరు. వాటిని మార్చాలంటే రివెట్లు ఊడదీయాలి, ఊడదీస్తే ఆనవాలు మిగులుతుంది.

తర్వాతది తరం తేడా. దీనికి దగ్గరగా చూడాల్సిన ఒక ఉదాహరణ చెప్తాను. క్లాసిక్‌కూ క్లాసిక్ ఎస్‌డీకీ పక్కపక్కన పెట్టినా మొదటి చూపులో తేడా తెలియదు. గోటి ఆకురాయిని తెరిచి దాని కొస మీద భూతద్దం పెట్టండి. కొస చదునుగా, అడ్డంగా తెగినట్టు, చిన్న స్క్రూలో దిగేలా ఉంటే ఎస్‌డీ. స్క్రూడ్రైవర్‌కు పొట్టి పేరే ఆ ఎస్‌డీ. కొస గోటి మట్టి తీయడానికి వీలుగా మొనదేలి ఉంటే మామూలు క్లాసిక్. కంపెనీ నంబర్లలో కూడా ఆ తేడా ఉంది: ఎర్ర క్లాసిక్ 0.6203, ఎర్ర ఎస్‌డీ 0.6223. ఇక్కడో చిక్కుంది. ఎస్‌డీ కొసను రాయి మీద అరగదీసి మొన తేల్చినవి కూడా క్లాసిక్ పేరుతో తిరుగుతుంటాయి. ఫ్యాక్టరీ కొస మీద మెరుగు మిగతా ఆకురాయి అంచుతో కలిసిపోతుంది. అరగదీసిన చోట గీతలు వేరే దిక్కుకు పోతాయి.

మూడోది పిడి రంగు, పదార్థం. ఆలాక్స్ పలకలు రివెట్లతో బిగించి ఉంటాయి కాబట్టి వాటి రంగుకు కొంత నమ్మకం ఉంది. ప్లాస్టిక్ 58 మిల్లీమీటర్ల పలకలు మాత్రం రివెట్ కొసల మీదకు నొక్కితే కూర్చునేవి. ఐదు నిమిషాల్లో ఎవరైనా ఊడదీసి వేరే రంగువి వేయగలరు, విడి పలకలు విరివిగా దొరుకుతాయి కూడా. అందుకే “ఎక్కడా చూడని రంగు” అన్న మాట వింటే ఉత్సాహం కాకుండా అనుమానం రావాలి.

చిట్టచివరిది లోగో. లేజర్ యంత్రం ఉన్నవారెవరైనా ఎప్పుడైనా చెక్కగలరు. అసలు పెట్టె, ఇచ్చిన సంస్థ కాగితం వెంట ఉంటే సరదాకు తీసుకోండి. లేకపోతే లోగో కోసం అదనంగా ఏమీ ఇవ్వనక్కర్లేదు.

4. వెతకండి

సరైన పేరుతో పెట్టిన అరుదైన ముక్కకు సరైన ధరే ఉంటుంది. మనకు కావలసింది పేరు తెలియని అమ్మకందారు పెట్టినది. అందుకని మోడల్ పేరుతో కాకుండా “చిన్న కత్తుల లాట్”, “కీచైన్ కత్తెర”, “పాకెట్ టూల్” లాంటి మొద్దు మాటలతో వెతకండి. బ్రాండు పేరును ఒక అక్షరం తప్పుగా కొట్టి కూడా చూడండి.

లాట్ (పోగుగా ఒకే బేరానికి పెట్టినవి) ఫోటోలను నీడ ఆకారాల్లా చదవడం నేర్చుకోవాలి. డైమ్ అయితే మూసి ఉన్నా ఒక కొసన బాటిల్ ఓపెనర్ ముక్కులా బయటికి పొడుచుకొని ఉంటుంది. స్క్విర్ట్ ఉపకరణాలు హ్యాండిల్ బయటి వైపు నుంచే తెరుచుకుంటాయి. మైక్రాలో ముందు హ్యాండిళ్లు విప్పితేనే లోపలివి కనిపిస్తాయి. అందుకే మధ్యన కత్తెర ఉన్న ఎస్4ను మైక్రా అని రాసి అమ్మేవారున్నారు. మీకు పనికొచ్చే పొరపాటు ఇలాంటిదే. లెదర్‌మ్యాన్ స్టైల్ పీఎస్, స్టైల్ సీఎస్ రెండింటికీ కొసన కారబీనర్ కొక్కెం ఉంటుంది. పీఎస్‌లో మధ్యన ప్లయర్, బ్లేడు లేదు. సీఎస్‌లో మధ్యన కత్తెర, పక్కన బ్లేడు. వెంగర్‌ను పిడి మీది శిలువ గుర్తు చుట్టూ ఉన్న గడితో పట్టుకోవచ్చు. విక్టోరినాక్స్ శిలువ డాలు ఆకారంలో ఉంటుంది, వెంగర్‌ది మూలలు గుండ్రంగా తిరిగిన చదరంలో.

అమెరికాలో విమానాశ్రయ తనిఖీల దగ్గర ప్రయాణికులు వదిలేసిన కత్తులు, మల్టీటూల్స్‌ను కొన్ని రాష్ట్రాల మిగులు వస్తువుల విభాగాలు లాట్లుగా వేలం వేస్తాయి. అవి చేతులు మారి ప్రపంచమంతా చేరతాయి. ఇలాంటి లాట్లలో వస్తువులు రోజూ వాడినవే ఉంటాయి. గీతలు, జేబు చెత్త తప్పవు. కానీ ఎవరూ ఏరకుండా వచ్చిన లాట్ అయితే ఆపేసిన మోడళ్లు దొరికే అవకాశం ఉంటుంది. ఏరాక మిగిలిందా, ఏరకముందుదా అన్నది ఫోటోలోనే కనిపెట్టవచ్చు: అన్నీ ఒకే ఎర్ర క్లాసిక్‌లైతే ఎవరో ముందే ఏరుకుపోయారు.

హెచ్చరిక: తెప్పించుకునే ముందు మీరున్నచోట బ్లేడు పొడవు గురించి, కత్తుల దిగుమతి గురించి నిబంధన ఏముందో చూసుకోండి. బ్లేడు ఉన్న ముక్కను విమానంలో చేతిసంచిలో పెట్టకండి. బ్లేడు లేని స్టైల్ పీఎస్, జెట్‌సెట్టర్ లాంటివైనా తనిఖీ అధికారి ఒప్పుకుంటేనే లోపలికి వస్తాయి. అరుదైన ముక్కతో ఆ పందెం ఎందుకు?

5. డబ్బు కట్టే ముందు ఫోటోలు అడగండి

ఆరు ఫోటోలు అడగండి: మూసి రెండు వైపులా, వెన్ను వైపు, అన్నీ తెరిచి ఒకటి, బ్లేడు మొదట్లోని ముద్ర దగ్గరగా, రివెట్ తలలు దగ్గరగా. ముద్ర ఫోటో తీసేటప్పుడు వెలుగు పక్క నుంచి పడాలని చెప్పండి. ఎదురుగా ఫ్లాష్ వేస్తే మెరుపు తప్ప అక్షరాలు కనిపించవు.

పోలిక కోసం పక్కన ఒక స్కేలు పెట్టమనండి. 58కీ 65కీ తేడా ఫోటోలో చూపుకు అందదు, స్కేలు ఉంటే క్షణంలో తేలిపోతుంది.

ఆరింటిలో నాలుగు పంపి, రివెట్ల ఫోటో మాత్రం మళ్లీ మళ్లీ అడిగినా పంపకపోతే ఆ బేరం వదిలేయండి.

6. చేతికి వచ్చాక పరీక్షించండి

శుభ్రం చేయకముందే పరీక్షించాలి. మురికి కూడా సాక్ష్యమే. పాత ముక్కలో మురికి అన్ని కీళ్లలోనూ ఒకేలా ఉండాలి. ఒక్క పిడి పలక కింద మాత్రం శుభ్రంగా ఉంటే ఆ పలక ఈ మధ్య వచ్చినదన్నమాట.

*రివెట్లు.* భూతద్దంతో రెండు వైపులా చూడండి. ఫ్యాక్టరీ రివెట్ తల చుట్టూ సమంగా ఉంటుంది, దాని పాతదనం పిడి పాతదనంతో సరిపోతుంది. తల మీద సుత్తి దెబ్బల చదును, చుట్టూ అర్ధచంద్రాకారపు నొక్కులు, తల ఒక్కటే కొత్తగా మెరవడం కనిపిస్తే విప్పి మళ్లీ బిగించినట్టే.

*బ్లేడు.* వెడల్పును మామూలు ముక్కతో పోల్చండి. అర మిల్లీమీటరు దాకా తక్కువుంటే గట్టిగా సాన పట్టారు. మూసి చూసినప్పుడు బ్లేడు మొన హ్యాండిల్‌లోకి ఎక్కువగా మునిగిపోయి కనిపించినా అదే అర్థం. అరుదైన ఉపకరణాల వరస ఉన్న ముక్కకు సాన పట్టిన బ్లేడును భరించవచ్చు. రంగు కోసం కొనే ముక్కకు భరించనక్కర్లేదు.

*కత్తెర.* పల్చని టిష్యూ కాగితాన్ని కొసతో కత్తిరించండి. తెగకుండా మధ్యలో మడత పడితే కీలు వదులైంది లేదా కొస వంగింది. వదలగానే దానంతటది తెరుచుకోవాలి. వెంగర్ కత్తెరకు సన్నని పళ్లు ఉంటాయి. విక్టోరినాక్స్ కత్తెరలో కనిపించే సన్నని స్ప్రింగు ముక్క అందులో కనిపించదు. అది లేదని విరిగిందనుకోకండి. వెంగర్ కత్తులకు కొత్తైనవారు కొన్న ముక్కను తిప్పి పంపేది ఎక్కువగా ఈ పొరపాటుతోనే.

*ప్లయర్.* మూసి టార్చి ముందు పట్టండి. కీలు దగ్గర కాస్త వెలుగు కనిపించడం సహజం. కొసల దగ్గర వెలుగు కనిపించినా, ఒక కొస మరొకదాన్ని దాటి పక్కకు పోయినా లోపమే. ఒక్క తలవెంట్రుకను కొసతో పట్టి లాగండి, జారకుండా రావాలి. తీగ కత్తిరించి పరీక్షించకండి. ఇంత చిన్న దవడలకు గట్టి స్టీలు తీగ ఒక్కసారి తగిలితే అంచు మీద గాటు పడుతుంది, అది ఇక పోదు. కాగితం తెగితే చాలు.

*ముద్ర, తేదీ.* చాలా లెదర్‌మ్యాన్ టూల్స్‌లో హ్యాండిల్ లోపలి వైపు నాలుగంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండు నెల, చివరి రెండు సంవత్సరం. 0304 అంటే 2004 మార్చి. దీన్ని తిరగేసి 2003 ఏప్రిల్ అని చదివి “మొదటి బ్యాచ్” అని రాసేవారు కోకొల్లలు. మైక్రా 1996లో వచ్చింది కాబట్టి అంతకుముందు సంవత్సరం మీరు చదివారంటే కోడ్ తప్పు చదివారు. ఇంకో మాట: ఆ కోడ్ హ్యాండిల్‌ది. దవడలు మార్చి ఉంటే అది ఏమీ చెప్పదు.

ఆలాక్స్ వార్షిక ఎడిషన్లకు పని తేలిక. 2016 ఆర్కిడ్ వయొలెట్, 2019 షాంపేన్, 2020 ఆక్వా గ్రీన్, 2021 టైగర్ ఆరెంజ్. బ్లేడు మీద ఆ సంవత్సరం ఉండాలి. రంగు ఒకటి, సంవత్సరం ఒకటి అయితే రెండు కత్తుల్ని కలిపి ఒకటి చేశారు.

*అయస్కాంతం.* స్క్విర్ట్ రంగు పిడి, ఆలాక్స్ పలక అల్యూమినియం. అయస్కాంతం అంటకూడదు. బ్లేడుకు అంటాలి. పిడి పలకకు గట్టిగా అంటుకుంటే అది నకిలీ. పలక పల్చన కాబట్టి లోపలి స్టీలు కాస్త లాగవచ్చు. ఆ కొద్దిపాటి లాగుడును చూసి కంగారు పడకండి, మామూలు ముక్క మీద కూడా అదే చోట పెట్టి పోల్చండి.

*రంగు.* ఎక్కువ మోసం, అంతకంటే ఎక్కువ అపోహ ఉన్నది ఇక్కడే, అందుకే కొంచెం నిదానంగా చూద్దాం.

అల్యూమినియం మీద రంగు అనోడైజింగ్‌తో వస్తుంది. లోహం పై పొరనే ఆక్సైడ్‌గా మార్చి, దాని సన్నని రంధ్రాల్లో రంగు నింపి మూసేస్తారు. విడి భాగాలుగా ఉన్నప్పుడే ఆ పని జరుగుతుంది. అందువల్ల రివెట్ అంచు కింద, ఉపకరణాలు కూర్చునే మూలల్లో కూడా రంగు సమంగా ఉండాలి. పెయింట్ అయితే గీత పడిన చోట అంచు మందంగా, పొరలా లేస్తుంది. అనోడైజింగ్ అయితే గీత కింద నేరుగా వెండి రంగు మెరుస్తుంది.

“కంచు రంగు స్క్విర్ట్”, “ఊదా రంగు” అని వచ్చేవాటిలో చాలా భాగం ఎండకు వెలిసిన నలుపే. అనోడైజ్ చేసిన నలుపు ఎండలో నెలల తరబడి ఉంటే గోధుమకో ఊదాకో తిరుగుతుంది. అన్ని ఉపకరణాలూ తెరిచి, అవి మూసి ఉన్నప్పుడు కప్పే చోట టార్చి వేయండి. అక్కడ నలుపు మిగిలి ఉంటే మీ చేతిలో ఉన్నది వెలిసిన నల్లది.

“రంగు లేని వెండి” రకాలకే మల్టీమీటరు కావాలి. కాలువ శుభ్రం చేసే కాస్టిక్‌తో రంగు పొర మొత్తం తీసేసి, మెరుగు పెట్టి, ఫ్యాక్టరీ వెండి అని అమ్ముతారు. ఆక్సైడ్ పొర కరెంటును పారనివ్వదు, బోసి అల్యూమినియం పారనిస్తుంది. రెండు ప్రోబ్‌లను పిడి మీద ఒక సెంటీమీటరు దూరంలో, గుచ్చకుండా, పక్కగా ఆనించండి. బీప్ వస్తే పొర లేదు. బీప్ రాకపోతే పొరో వార్నిషో ఏదో ఒకటి ఉంది. అది ఏదన్నది భూతద్దంతో చూడండి. ప్రోబ్ మొనతో గట్టిగా పొడిస్తే అసలు పొర కూడా చిల్లు పడి బీప్ వస్తుంది, మచ్చ కూడా మిగులుతుంది. మామూలు ముక్క మీద ముందు చేయి తిప్పుకోండి.

పెయింట్ అనుమానం తేలకపోతే కనపడని మూలలో దూదిపుల్లకు ఆల్కహాల్ అద్ది రుద్దవచ్చు. అసిటోన్ జోలికి వెళ్లకండి. అల్యూమినియానికి ఏమీ కాదు గానీ, విక్టోరినాక్స్ ప్లాస్టిక్ పిడిని అది కరిగిస్తుంది. రెండు రకాలూ ఒకే బల్ల మీద ఉన్నప్పుడు ఏ దూదిపుల్ల దేనిదో మరిచిపోవడానికి ఎంతసేపు పట్టదు.

7. శుభ్రం చేయండి, బాగుచేయకండి

గోరువెచ్చని నీళ్లలో తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, తెరిచిన ఉపకరణాలను టూత్‌బ్రష్‌తో రుద్దండి. కీళ్లలోని జేబు పీచును చెక్క పళ్లపుల్లతో తీయండి. సూది వాడితే గీత పడుతుంది. కడిగి, విదిల్చి, అన్నీ తెరిచి ఉంచి రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత ప్రతి కీలుకూ మినరల్ ఆయిల్ ఒక్కో చిన్న చుక్క, పళ్లపుల్ల కొసతో. నాలుగైదు సార్లు తెరిచి మూసి, పైకి వచ్చిన నూనె తుడిచేయండి. వంటనూనె వద్దు, నెలల్లో జిగురుగా మారుతుంది.

లైటు ఉన్నవాటిని నీళ్లలో ముంచకండి. బొమ్మ ముద్రించిన పలకలను వేడి నీళ్లలో పెట్టకండి. డిష్‌వాషర్ మాట అసలు తలపెట్టకండి. అందులోని క్షారం అనోడైజ్ రంగును తినేస్తుంది.

పైపైన పట్టిన తుప్పును నూనె అద్దిన పళ్లపుల్లతో రుద్దితే చాలావరకు పోతుంది. లోతుగా గుంటలు పడితే వదిలేయండి. సాన పట్టడం, మెరుగు పెట్టడం, వదులు రివెట్‌ను సుత్తితో కొట్టడం లాంటివన్నీ వాడుకునే ముక్కకు. సేకరణ ముక్కకు కాదు.

వారంటీ కింద కంపెనీకి పంపే ఆలోచన ఉంటే ఒక్క క్షణం ఆగండి. ఏ కంపెనీ అయినా మరమ్మతుకు బదులు ముక్కనే మార్చి పంపవచ్చు. మోడల్ ఆగిపోయి ఉంటే బదులుగా వేరే మోడల్ రావచ్చు. విరిగిన ఈ4ను పంపి కొత్తది ఏదో అందుకోవడం కంటే విరిగిన ఈ4 ఉంచుకోవడమే నయం.

8. రాసి పెట్టండి

ఒక్కో ముక్కకు ఒక వరస. ఉదాహరణకు ఇలా:

“క్లాసిక్ ఆలాక్స్, ఆర్కిడ్ వయొలెట్. బ్లేడు మీద 2016 ఉంది. రింగు లేకుండా 17.1 గ్రా. మందం 6.1 మి.మీ. రివెట్లు కదలలేదు. సాన లేదు. వెన్ను వైపు రెండు గీతలు. పెట్టె ఉంది. రింగు తర్వాత వేసినది.”

చివరి వాక్యాన్ని గమనించండి. మీరు మార్చిన ప్రతి చిన్న వస్తువునూ, రింగైనా ట్వీజరైనా పళ్లపుల్లైనా, అలాగే రాయండి. మీకు గుర్తుంటుందనుకుంటారు గానీ ముప్పై ముక్కలు దాటాక గుర్తుండదు. తేల్చలేని విషయం ఉంటే “తేలలేదు” అని రాయండి. ఊహను అంకెగా రాస్తే రెండేళ్ల తర్వాత మీరే దాన్ని నిజమని నమ్ముతారు.

9. దాచండి

అన్నీ మూసి, స్ప్రింగుల మీద ఒత్తిడి లేకుండా, ఒక్కొక్కటి ఒక్కో పాలిథీన్ కవరులో. పీవీసీ కవరు వద్దు, దాని నుంచి వచ్చే ఆవిరి లోహాన్ని తింటుంది. రబ్బరు బ్యాండు చుట్టవద్దు, అందులోని గంధకం మచ్చలు వేస్తుంది. తోలు సంచి వెంట వచ్చినా అందులో ఉంచి దాచవద్దు. తోలును శుద్ధి చేయడానికి వాడే రసాయనాలు, అది పీల్చే చెమ్మ కలిసి ఇత్తడికి పచ్చని చిలుము, స్టీలుకు తుప్పు పట్టిస్తాయి. సంచిని విడిగా పెట్టండి.

డబ్బాలో సిలికా జెల్ వేయండి. రంగు మారే రకమైతే ఎప్పుడు మార్చాలో అదే చెప్తుంది. కిటికీ పక్కన గాజు పెట్టెలో ప్రదర్శనకు పెట్టాలనిపిస్తే పైన చెప్పిన వెలిసిన నలుపు గుర్తు తెచ్చుకోండి.

స్విస్‌లైట్ లాంటి లైటు ముక్కల్లోంచి బటన్ సెల్ తీసేసి, విడి కవరులో పెట్టి, ఏ ముక్కదో రాయండి. కారిన సెల్ లోపలి రేకును పాడు చేస్తే ఆ భాగం మళ్లీ దొరకదు. ఆరు నెలలకోసారి డబ్బా తెరిచి, ప్రతి ముక్కనూ ఒకసారి విప్పి మూసి, వేలిముద్రలు తుడిచి పెట్టండి. అప్పుడే త్రాసు కూడా బయటికి తీసి, మామూలు ముక్కను మరోసారి తూచి, పాత అంకెతో సరిపోతోందో లేదో చూసుకోండి.